ఐదో తరగతి పిల్లలకు డు, డస్ ఎట్ల నేర్పాలె?

దేవరకొండ టీచర్:
నమస్తే అందరికి. నేను దేవరకొండ దిక్కు ప్రైమరీ స్కూల్ల ఐదో తరగతికి చెప్త. మా పిల్లలు పాఠం మంచిగనే చదువుతరు, మీనింగ్ అడిగినా చెప్తరు, కని సొంతంగ ఒక్క సెంటెన్స్ రాయమంటే "హి గో టు స్కూల్" అని రాస్తరు. ఎస్ పెట్టాలె గదా అంటే ఇగ అన్నిట్ల పెడ్తరు, "ఐ గోస్", "దే గోస్", "హి డస్ నాట్ గోస్". రూల్ అడిగితే మాత్రం హి, షి, ఇట్ వస్తే ఎస్ పెట్టాలె అని గడగడ అప్పజెప్తరు, రాసేటప్పుడు యాదికి రాదు. 2022-23ల సర్కారు బళ్లల్ల ఇంగ్లీష్ మీడియం వచ్చింది, లెక్కల పుస్తకంల ఒక దిక్కు తెలుగు ఒక దిక్కు ఇంగ్లీష్ ఉంటది గద, వీళ్లు తెలుగు దిక్కు చూసుకొని ఊకుంటున్నరు. సగం మంది తండా పిల్లలు, ఇంట్ల లంబాడీ మాట్లాడ్తరు, గందుకే ఇంకింత కష్టమైతుందా? ఎవరన్న చెప్పుండ్రి.

పాలమూరు సార్:
మేడం, టెన్స్ పేర్లు కొన్ని రోజులు పక్కకు పెట్టుండ్రి. క్రియ మారుడు పిల్లలకు కొత్త కాదు. నేను పోత, నువ్వు పోతవు, వాడు పోతడు, వాళ్లు పోతరు అని తెలుగుల అందరికీ మారుస్తనే ఉన్నరు, ఎవరూ నేర్పకుండనే. ఇంగ్లీష్ల ఒక్కడో, ఒక్కతో, ఒక్కటో ఉన్నప్పుడే మారుతది, మిగిలినోళ్లకు గో గోనే. ఇది బోర్డు మీద పక్కపక్కన రాసి చూపియ్యుండ్రి.
ఇగ డస్ సంగతి. అట్టముక్కల మీద హి, గో, టు స్కూల్ అని రాసి ముగ్గురు పిల్లలను నిలబెట్టుండ్రి, ఈఎస్ అని ఒక్క చిన్న అట్ట ఇంకో పిల్లకు ఇయ్యుండ్రి, ఆమె గోను పట్టుకొని నిలబడాలె. ఇప్పుడు డు, నాట్ అట్టలు పట్టుకొని ఇద్దరు మధ్యల వచ్చి నిలబడ్తరు, ఈఎస్ పిల్ల గోను ఇడిచిపెట్టి డు దగ్గరికి పోవాలె. ఈఎస్ ఒక్కటే ఉన్నది, రెండు దిక్కుల నిలబడలేదు, గో ఒట్టిగనే మిగుల్తది. క్వశ్చన్ అడగాలంటే నాట్ పిల్ల పక్కకు జరుగుతది, డు, ఈఎస్ ఇద్దరు కలిసి హి ముందటికి పోతరు, "డస్ హి గో టు స్కూల్?" ముందుగాల గో తోటే చెయ్యుండ్రి, ఎందుకంటే డుకు, గోకు రెండింటికీ ఈఎస్సే కాబట్టి అట్ట మార్చే పని లేదు, ప్లే, వర్క్ లాంటివి తర్వాత తీసుకోవచ్చు.

నారాయణపేట అక్క:
సార్ చెప్పింది మస్తుగ పని చేస్తది. లంబాడీ అని పరేషాన్ కాకుండ్రి మేడం, మా దిక్కు ఇంట్ల కన్నడ మాట్లాడే పిల్లలున్నరు. తెలుగైనా కన్నడైనా లంబాడీ అయినా క్రియ చివరకే వస్తది, ఇంగ్లీష్ల కర్త పక్కకే వస్తది, ఈ తిప్పలు అందరికీ ఒక్కటే. పైగా ఆ పిల్లలు బళ్లె ఒక భాష ఇంట్ల ఒక భాష మాట్లాడుకుంట పెరిగినోళ్లు, జల్దీ అందుకుంటరు.
ప్రాక్టీస్‌కు పుస్తకంల రాము, సీత కాకుండ ఇంటోళ్ల గురించి చెప్పియ్యుండ్రి. అమ్మ పత్తి ఏరుతది, అన్న హైదరాబాద్ల పని చేస్తడు, తాత మేకలు కాస్తడు. "మై మదర్ పిక్స్ కాటన్", "మై బ్రదర్ వర్క్స్ ఇన్ హైదరాబాద్". ఒక్కొక్కరి గురించి చెప్తుంటే ఎస్ ఊకె వస్తనే ఉంటది, పిల్లకు చెప్పబుద్ధి కూడ అయితది. ఇంకోటి, మా నాయిన మేస్త్రి అన్నప్పుడు మనకు క్రియనే ఉండదు, అందుకే "మై ఫాదర్ మేస్త్రి" అని ఇజ్ ఇడిచిపెడ్తరు, అది వేరే రోజు చెప్పుండ్రి, రెండు కలిపితే ఆగమైతరు.

దేవరకొండ టీచర్:
థాంక్స్ సార్, థాంక్స్ అక్క, రేపే అట్టలు కోపిస్త. మరి మాట్లాడేటప్పుడు తప్పు పోతే ఆడికాడికే సరి చెయ్యాల్నా?

నారాయణపేట అక్క:
మధ్యల ఆపకుండ్రి, ఆపితే తెల్లారి నోరే తెరవరు. "మై తాత గో టు ఫీల్డ్" అంటే మొత్తం ఇన్నంక "ఓ, యువర్ తాత గోస్ టు ద ఫీల్డ్?" అని మీరు అడగుండ్రి, అవునంటరు, ఒక్కోసారి మళ్ల సరిగ్గ చెప్తరు. కాపీలల్ల కూడ ఆ వారం ఎస్ తప్పులకే గీత పెట్టుండ్రి, స్పెల్లింగ్, ఫుల్‌స్టాప్ అప్పటికి ఇడిచిపెట్టుండ్రి.