“చిన్న కుటుంబం చింతలేని కుటుంబం”: చింత లేనిది ఎవరికి?

ప్రశ్న: కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం పక్కన గోడల మీద ఈ నినాదం చదువుతూ పెరిగాం. పెళ్ళిళ్ళలో మాత్రం “అష్టపుత్రవతీ భవ” అనే దీవించేవారు. రెండూ సుఖం కోరేవే కదా, తేడా ఎక్కడ?

జవాబు: భాగహారం దగ్గరండీ. ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరికి 10 పాళ్ళ సుఖం అనుకోండి: మొత్తం 20. ఎనిమిది మందికి తలా 3 పాళ్ళే దక్కినా మొత్తం 24. మొత్తం చూస్తే దీవెన గెలుస్తుంది, తలసరి చూస్తే నినాదం. ఇంగ్లిష్ తత్వవేత్త హెన్రీ సిడ్జ్విక్ 1874లోనే ఈ తేడా పట్టుకుని మొత్తం వైపు మొగ్గాడు. ఆ దారిలో చివరిదాకా వెళ్తే, బొటాబొటి బతుకులైనా సరే, మంది తగినంత ఉంటే ఆ లోకమే మేలనాల్సి వస్తుంది. 1984లో మరో ఇంగ్లిష్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ ఆ మాట పైకి తీసి, ఇది మింగుడుపడదన్నాడు. పోనీ సగటే ముఖ్యమందామా? మనకంటే కాస్త తక్కువ సుఖపడే బిడ్డ పుడితే సగటు పడిపోతుంది. అంతమాత్రాన ఆ పుట్టుక తప్పా?

ఇంకొకరు: దీవెన మొత్తం లెక్కంటే ఒప్పుకోను మాస్టారూ. “భవ” మధ్యమ పురుష ఏకవచనం, పెళ్ళికూతురికి చెప్పేది. ధనవతి, గుణవతి లాగే పుత్రవతి. కొడుకులు ఆమె ఆస్తి, వాళ్ళ సుఖం ఊసే లేదు. (కూతుళ్ళైతే అంకెలోకే రాలేదు.) నినాదంలోనూ “చింతలేని” అనేది కుటుంబానికి విశేషణం. “మేమిద్దరం మాకిద్దరు”లో పిల్లలు ఏకంగా షష్ఠీ విభక్తి కింద మనకు జమ అయ్యారు.

ప్రశ్న: ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. అంటే ప్రభుత్వం సగటు వదిలి మొత్తానికి వచ్చినట్టేనా?

ఇంకొకరు: లేదండీ. చెప్పిన కారణం జననాలు తగ్గి ముసలివాళ్ళ పాలు పెరగడం. పుట్టబోయేవాళ్ళు మళ్ళీ మన అవసరానికే.

జవాబు: అయితే “పిల్లాపాపలతో చల్లగా ఉండండి” సంగతేంటి?

ఇంకొకరు: ఆ “తో” ఏ అర్థంలో తీసుకుంటారన్నదే పేచీ. “డబ్బుతో సుఖంగా ఉండండి”లో లాగా సాధనమైతే పాత కథే. సహార్థమైతే, అంటే “కలిసి” అనే అర్థమైతే, పిల్లలు కూడా చల్లగా ఉండాలి. నేను సహార్థమనే అంటాను. అయినా “ఉండండి”కి కర్త పెద్దవాళ్ళే కదా అని మీరు అడ్డుపడితే నా దగ్గర జవాబు లేదు.