మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ వర్సెస్ స్పాటిఫై: పాటల వరస ఎవడి సొత్తు?

గాజువాక_డీజే:
లండన్‌లో మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అని క్లబ్ ఉంది, 1991లో ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర పాత బస్ గ్యారేజీలో పెట్టారు. రెండేళ్ళకి సొంత లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, మొదలెట్టి కంపైలేషన్ సీడీలు వదిలారు, యాన్యువల్ సిరీస్ అదీ లక్షల్లో పోయాయి. అందులో పాటలు చాలావరకు వేరే లేబుళ్ళవి, లైసెన్స్ తీసుకుని వేసుకునేవాళ్ళు. నెట్‌లో పాటలు వినే స్పాటిఫై యాప్ వచ్చాక జనం ఆ సీడీల్లో పాటల్నే అదే వరసలో ప్లేలిస్టులు చేసేసి మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అని పేరు కూడా తగిలించారు. తీసెయ్యమన్నా స్పాటిఫై తియ్యలేదు, 2013లో లండన్ హైకోర్టులో కేసేశారు. నా మటుకు మినిస్ట్రీదే రైటు. ఏ పాట తర్వాత ఏది పడాలో తెలియడమే డీజే పని, దాన్ని ఎత్తుకుపోతే దొంగతనమే. మీరేమంటారు?

కాసెట్_బాబాయ్:
ఇదెక్కడి చోద్యం అబ్బాయ్. పాట వాళ్ళది కాదు, పాడినవాడు వాళ్ళ మనిషి కాదు, వరస మాత్రం వాళ్ళదా? మాకు తెనాలిలో రికార్డింగ్ సెంటర్ ఉండేది. కస్టమరు నోటుబుక్కులో కాగితం చించి పాటలు రాసుకొచ్చేవాడు, నేను ఎల్పీల్లోంచి కాసెట్‌కి ఎక్కించేవాణ్ణి. ఆ కాగితం మీద హక్కు నాదనీ అనలేదు, వాడిదనీ ఎవరూ అనలేదు.

బస్టాండ్_బుల్లోడు:
స్పాటిఫై ప్రీమియం ఎవరైనా షేర్ చేస్తారా

లండన్_లక్ష్మి:
ఆ క్లబ్‌కి నేను వెళ్ళాను కాబట్టి చెప్తున్నా, అక్కడ గొప్పంతా సౌండ్ సిస్టమ్‌ది. ది బాక్స్ అని మెయిన్ రూమ్ ఉంటుంది, బేస్ చెవికి కాదు కడుపుకి తగుల్తుంది, అయినా పక్కవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. అసలు ఐడియానే న్యూయార్క్‌లో పారడైజ్ గ్యారేజ్ అనే క్లబ్‌ది. జస్టిన్ బర్క్‌మన్ అనే డీజే అక్కడ లారీ లెవాన్ అనే డీజే వాయించడం విని మతిపోయి వచ్చి, జేమ్స్ పలూంబోతో కలిసి ఇది పెట్టాడు. మొదట్లో మందు కూడా అమ్మేవాళ్ళు కాదు, ఆ లైసెన్సే లేదు, జనం పాటల కోసమే తెల్లార్లూ ఉండేవాళ్ళు. సీడీలు, కేసులు అన్నీ తర్వాత వచ్చిన వ్యాపారం.

కాసెట్_బాబాయ్:
చూశావా అబ్బాయ్! క్లబ్బు ఐడియానే ఇంకొకళ్ళని చూసి తెచ్చుకుని, ఎవడో పిల్లాడు ఇంట్లో కూర్చుని పాటలు వరసగా పెట్టుకుంటే కోర్టుకెక్కారు.

గాజువాక_డీజే:
ఇన్‌స్పిరేషన్ వేరు బాబాయ్ గారూ, మక్కీకి మక్కీ దించడం వేరు.

బస్టాండ్_బుల్లోడు:
మందు లేకుండా క్లబ్ ఏంటి, నమ్మను

లా_పాయింట్:
కేసు తీర్పు దాకా వెళ్ళలేదు, 2014 ఫిబ్రవరిలో రాజీ అయ్యారు. స్పాటిఫై ఆ ప్లేలిస్టుల్ని సెర్చ్‌లోంచి తీసేసి కొత్తగా ఎవరూ ఫాలో అవ్వకుండా ఆపుతామంది. చేసుకున్నవాళ్ళ అకౌంట్లలో మాత్రం అలానే ఉన్నాయి. కాబట్టి వరస సొత్తా కాదా అన్నది అక్కడ కోర్టు తేల్చనే లేదు. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టంలో కంపైలేషన్‌ని కూడా సాహిత్య కృతి కిందే లెక్కేశారు. డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు ఊరికే కష్టపడితే చాలదు, కాస్తయినా సృజన ఉండాలి అంది. అది కోర్టు తీర్పుల ఎడిటింగ్ గురించిన కేసనుకోండి, పాటల గురించి కాదు.

లండన్_లక్ష్మి:
ఇంకోటి, ఆ సీడీలు చాలావరకు మిక్స్ చేసినవి. పాటకీ పాటకీ మధ్య అతుకు కనపడకుండా కలపడమే అక్కడ పనితనం. ప్లేలిస్టులో అది రాదు కదా, పాటలు విడివిడిగా వస్తాయి. మరి ఎత్తుకుపోయింది ఏంటి తమ్ముడూ?

గాజువాక_డీజే:
ఎంపిక అక్కా. వెయ్యి పాటలు విని ఇరవై తియ్యడం. మీకది పనిలా కనపడట్లేదు, అదే నా బాధ. బాబాయ్ గారూ ఒక్కటి అడుగుతా, మీ సెంటర్లో కస్టమర్ లిస్టు ఉన్నదున్నట్టు ఎక్కించేసేవాళ్ళా?

కాసెట్_బాబాయ్:
అదెలా కుదురుతుంది. అరవై నిమిషాల కాసెట్‌కి ఒక్కో పక్క ముప్పై నిమిషాలే. వాడు రాసుకొచ్చింది రాసుకొచ్చినట్టు ఎక్కిస్తే ఏ పక్క చివరి పాట చరణం మధ్యలో కటుక్కున ఆగిపోతుంది. అందుకని ఎల్పీ లేబుల్ మీద నిమిషాలు చూసి కాగితం అంచున కూడుకుని, పెద్ద పాటలు ముందుకి లాగి, చివర రెండున్నర నిమిషాల పాటేదైనా ఇరికించేవాణ్ణి. విషాదం పాట పక్కనే ఐటం పాట రాకుండా కూడా చూడాలి. నా దగ్గర చేయించుకున్నవాళ్ళు వేరే షాపుకి పోయేవాళ్ళు కాదు.

గాజువాక_డీజే:
ఇదే కదా నేను చెప్పేది!!! మీరు చేసింది డీజే పనే.

కాసెట్_బాబాయ్:
పనే, కాదన్నానా? కూలి తీసుకున్నాను. కూలి వేరు, సొత్తు వేరు.

గాజువాక_డీజే:
పర్మిషన్ లేకుండా ఎవరివో పాటలు ఎక్కించి అమ్మినవాళ్ళు హక్కుల గురించి మాట్లాడకపోవడం న్యాయమేలెండి.

కాసెట్_బాబాయ్:
ఏంట్రా నోరు లేస్తోంది. నువ్వు పెళ్ళిళ్ళలో వాయించే పాటలకి ఎవడికి ఎంత కట్టావో చెప్పు. మేము చేసింది తప్పయితే నువ్వు చేసేదేంటి? పెన్‌డ్రైవ్ పెట్టుకుని నీతులు చెప్పకు.

లండన్_లక్ష్మి:
ఇద్దరూ కాస్త తగ్గండి బాబూ.

గాజువాక_డీజే:
ఎందుకు తగ్గాలి అక్కా? పోయిన సీజన్‌లో ఒక ఈవెంట్ కంపెనీకి సంగీత్ చేశాను. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఏ పాటకి లేస్తారు, పెద్దాళ్ళు ఎప్పుడు కుర్చీల్లోంచి కదుల్తారు, అన్నీ లెక్కేసి నాలుగు గంటల సెట్ రాసుకున్నాను. సౌండ్ చెక్‌కి కావాలని లిస్టు పంపమంటే పంపాను. తర్వాత అదే కంపెనీ సగం రేటుకి ఇంకో కుర్రాణ్ణి పెట్టుకుని నా లిస్టే, ఆ వరసలోనే వాయించుకుంది. ఫంక్షన్ వీడియో చూస్తే ఒక్క పాట కూడా అటూ ఇటూ కాలేదు. అడిగితే పాటలు నీవా అన్నారు, అచ్చం మీరన్నట్టే. అదే లిస్టుకి విలువ లేకపోతే 2016లో సోనీ మినిస్ట్రీ లేబుల్‌ని ఎందుకు కొన్నట్టు?

కాసెట్_బాబాయ్:
ఇది ముందే చెప్పి ఏడవచ్చు కదరా. సరే విను. సోనీ ఇచ్చిన డబ్బు ఎవరికెళ్ళింది, కంపెనీ అమ్మినవాళ్ళకి. పలూంబో బ్యాంకుల్లో పనిచేసి వచ్చినవాడు, క్లబ్బు తన దగ్గరే ఉంచుకుని లేబుల్ అమ్మాడు. స్పాటిఫై మీద కేసేసింది కూడా కంపెనీయే, ఏ డీజే కూర్చుని ఏరాడో ఆయన కాదు. నువ్వు అడుగుతున్న హక్కు వచ్చిందే అనుకో, రేపు నీ లిస్టు ఈవెంట్ కంపెనీ పేరు మీద ఉంటుంది. అప్పుడు నీ సెట్ నువ్వు ఇంకో పెళ్ళిలో వాయిస్తే నీకే నోటీసిస్తారు. నాకున్న పేచీ అదీ. హక్కు అంటే ఎప్పుడూ షాపు ఓనరుకే వెళ్తుంది, ఎక్కించినవాడికి కాదు.

గాజువాక_డీజే:
మీరే కదా ఓనరు.

కాసెట్_బాబాయ్:
మాకు ఉండేది అన్నాను, నాది అన్లేదు. మా బావది.

లా_పాయింట్:
బాబాయ్ గారు చెప్పింది సగం నిజం. జీతం మీద పనిచేస్తుంటే యజమానిదే అవుతుంది. ఒక్క ఈవెంట్‌కి పిలిస్తే అలా కాదు, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప. అదీ ముందు లిస్టుకి కాపీరైట్ ఉందని ఒప్పించగలిగితేనే. గాజువాక గారూ, వాళ్ళతో అగ్రిమెంట్ ఏమైనా ఉందా?

గాజువాక_డీజే:
ఏదో పీడీఎఫ్ పంపారు, సంతకం పెట్టి వాట్సాప్‌లో తిరిగి పంపాను. అడ్వాన్స్ వెయ్యాలంటే కావాలన్నారు.

లా_పాయింట్:
అది తెరిచి చదవండి ముందు.

బస్టాండ్_బుల్లోడు:
ఆ సంగీత్ లిస్ట్ ఇక్కడ పెట్టొచ్చుగా బ్రో, మా అక్క పెళ్ళి ఉంది