ఉదయగిరి దుర్గం, భైరవకోన: జనవరిలో నడిచి పొయ్యేదానికి ఏమేం చూసుకోవాలి?

నెల్లూరు_నడక:
సంక్రాంతి అయినాక నలుగురం ఉదయగిరి దుర్గం ఎక్కాలనుకుంటున్నాం. ముగ్గురు పెద్దవాళ్లు, ఒక పదకొండేళ్ల అబ్బాయి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా కారులో వస్తాం. అడగాల్సినవి ఇవి: పర్మిషన్ కావాల్నా? నీళ్లు ఎన్ని మోయాలి, పైన దొరుకుతాయా? అదే రోజు భైరవకోన (రాతిలో తొలిచిన గుళ్లు, జలపాతం ఉండేచోటు) కూడా అవుతుందా? పైన టెంట్ వేసుకోవచ్చా? యూట్యూబ్‌లో అందరూ డ్రోన్ షాట్లే చూపిస్తున్నారు, దారి ఎట్టుంటుందో ఒక్కరూ చెప్పడంలేదు.

వెలిగొండ_వాసి:
ముందు పర్మిషన్ సంగతి. కొండ చుట్టూ ఉండేది అడవిశాఖ భూమి, అందులోనూ ఎర్రచందనం పెరిగే అడవి. వీపున బ్యాగులతో, చేతిలో కత్తితో, చీకట్లో నడిచే మనిషిని ఈ ప్రాంతంలో ఎవరూ టూరిస్టు అనుకోరు. ఉదయగిరి రేంజ్ ఆఫీసులో ముందురోజే అడగండి. ఎంతమంది, కారు నంబరు, ఎన్నింటికి ఎక్కి ఎన్నింటికి దిగుతారు అనేవి ఒక కాగితం మీద రాసి, ఆధార్ జిరాక్సులు జతచేసి ఇస్తే వాళ్లకూ పని సులువు. కుదరదంటే కుదరదే, పక్కదారి వెతకొద్దు. టెంట్ ఆలోచన మానుకోండి. రాత్రి అడవిలో ఉండేదానికి పగటి అనుమతి సరిపోదు, పైన మంట వేస్తే ఎండు బోద గడ్డికి అంటుకోడానికి నిమిషం చాలు.

ఇక దారి. శిఖరం సముద్రమట్టానికి 3079 అడుగుల ఎత్తు. మెట్లు, కాలిబాట కలిసిన దారిలో మామూలు మనిషి గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కితే గొప్ప. పిల్లాడితో అయితే ఎక్కేదానికి మూడు గంటలు, దిగేదానికి రెండున్నర పెట్టుకోండి. దిగడం తొందరగా అయిపోతుందని లెక్కేసుకున్న వాళ్లకే సాయంత్రం చీకటి పడేది. ఆరున్నరకల్లా తెల్లారుతుంది కాబట్టి ఆ వెలుగులోనే మొదలుపెట్టండి. పన్నెండుకు ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి తిరగండి, పైకోట పది నిమిషాల దూరంలో కనపడతా ఉన్నా సరే.

కోట కట్టడాలు మొత్తం 13 అని పాత గెజిటీర్ల (జిల్లా వివరాల పుస్తకాల) లెక్క: 8 కొండమీద, 5 కింద. పైన మసీదు, అందులో పారశీక శాసనం చూడదగినవి. ఒడిశా గజపతుల చేతిలోంచి ఈ దుర్గం తీసుకునేదానికి కృష్ణదేవరాయల సైన్యానికి ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ లొంగలేదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. అన్నాళ్లు ఎందుకు పట్టిందో కొండ పక్కలు చూస్తే అర్థమవుతుంది: చాలాచోట్ల నిట్టనిలువు చరియలు. ‘అడ్డంగా పోతే దగ్గర’ అని మేకల బాట పట్టుకున్నారంటే ఏదో ఒక చరియ అంచున తేలతారు. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. దిగేటప్పుడు కనపడేది ఆ వైపే కదా, ఎక్కేటప్పుడు చూసింది పనికిరాదు.

కలిగిరి_సైకిల్:
నీళ్లకు జవాబు: మనిషికి నాలుగు లీటర్లు, పిల్లాడికి రెండున్నర. ఇవికాక కారులో ఐదు లీటర్ల క్యాన్ ఒకటి. కోట కోనేళ్లలో నీళ్లు ఉన్నా వాటిని లెక్కలో వేసుకోవద్దు. పచ్చగా నాచు పట్టి, కోతులు దిగే నీళ్లు అవి, గుడ్డలో వడకట్టినంత మాత్రాన తాగే నీళ్లు కావు. పైకి చేరేసరికి ప్రతి ఒక్కరి దగ్గర లీటరున్నర మిగలాలి. మిగల్లేదంటే ముందే తిరిగి ఉండాల్సింది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అన్ని నీళ్లలోనే కలపండి. లీటరు ప్యాకెట్‌ను అర లీటరు సీసాలో పోసి చిక్కగా తాగితే దాహం పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది.

జనవరిలో ఎండకంటే గడ్డితోనే పని. వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి జనవరికి బోద నడుం ఎత్తున ఎండి ఉంటుంది. కింద మెట్టు ఉందో, సందు ఉందో తెలియదు. ఐదడుగుల వెదురు కర్ర ఒకటి మనిషికి ఉండాలి. ముందు కర్ర, తర్వాత కాలు. మెష్ రన్నింగ్ షూలో గడ్డి ముళ్లు సూదుల్లాగా దిగుతాయి, సాక్స్ లోంచి ఒక్కొక్కటే పీక్కోవాలి. చీలమండ దాకా వచ్చే బూటు, మందపాటి కాటన్ ప్యాంటు, ప్యాంటు అంచు సాక్స్ లోపల. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. దిగే ముందు లేసు చీలమండ దగ్గర మళ్లీ బిగించండి.

ఇంకోటి దూలగొండి. తీగె మీద వేలాడే గోధుమరంగు కాయలు, పైన వెల్వెట్ లాంటి నూగు. జనవరిలో కాయలు ఎండి, కర్ర తగిలితే నూగు పొడిలాగా రాలుతుంది. గాలివాటున కిందివైపు నిలబడొద్దు. అంటుకుంటే గోకొద్దు, తడిచేత్తో రుద్దొద్దు, రుద్దేకొద్దీ లోపలికి దిగుతుంది. సెల్లోటేపు ముక్క అద్ది లాగండి, ముక్క మార్చి మార్చి నాలుగైదు సార్లు. తర్వాతే నీళ్లు పోయాలి. ఆ చొక్కా తలమీదుగా తియ్యొద్దు, గుండీలు విప్పి తియ్యండి. కంటికి తగిలితే నీళ్లతో కడుగుతూ కిందికి దిగిపోవడమే.

నెల్లూరు_నడక:
అన్నా, ఇంత వివరంగా రాసినందుకు థ్యాంక్స్. టెంట్ వద్దు, సరే. పాములు, ఎలుగుబంట్లు ఉన్నాయంటున్నారు, నిజమేనా? భైరవకోన సంగతి ఎవరైనా చెప్పండి.

కోన_కోనకూ:
రెండూ ఉన్నాయి, చిరుతలు కూడా. ఎలుగు మనల్ని వెతుక్కుంటా రాదు. అది గుంతలో ముక్కు పెట్టుకుని చెదలు తవ్వుకునేటప్పుడు మనం చప్పుడు లేకుండా దగ్గరికి పోవడమే ప్రమాదం. మాట్లాడుకుంటా నడవండి, రాతిగుహల్లోకి తొంగిచూడొద్దు, పిల్లాణ్ణి మధ్యలో నడిపించండి. అయితే బ్లూటూత్ స్పీకరు మాత్రం వద్దు. చరియలకు పెద్ద తేనెటీగల పట్టులు వేలాడతాయి, పెద్ద చప్పుడు, సెంటు వాసన, పొగ వాటికి పడవు. లేచాయంటే మొహం కప్పుకుని వచ్చిన దారినే పరుగెత్తాలి, ఒకచోట కూర్చుని చేతులు ఊపితే ఇంకా కుడతాయి. ముల్లును గోటితో గీరి తీసెయ్యండి.

పాము కాటుకు పైన తాడు బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరం, మెట్టె, కాలిపట్టీ వెంటనే తీసెయ్యాలి, వాపు వస్తే అవి కోసుకుపోతాయి. కాలికి కర్ర ఆనించి కట్టి కదలకుండా చెయ్యండి, వీలైనంతవరకు మోసుకునే దించండి. సిగ్నల్ దొరికినచోట 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి. పామును చంపి సంచిలో తేవాల్సిన పనిలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందు.

భైరవకోన అదే రోజు వద్దు. దుర్గం దిగేసరికి మోకాళ్లు వణుకుతుంటాయి, ఆ కాళ్లతో జలపాతం కింద పాకుడు రాళ్లమీద నిలబడలేరు. రాత్రికి ఉదయగిరిలోనే ఉండి, తెల్లారి సీతారామపురం మీదుగా అంబవరం కొత్తపల్లికి పోండి. అక్కడ ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. జలపాతం సుమారు 200 అడుగులు. జనవరిలో ధార ఉంటుంది, వేసవిలో సన్నగిల్లుతుంది. కార్తీక పౌర్ణమికి మాత్రం జనం విపరీతం. తిండి సంచులు కోతులకు కనపడనివ్వొద్దు.

తుఫాను హెచ్చరిక ఉంటే ఏ కోనకూ పోవద్దు. మన నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో కురిసిన వాన వంకలో గంటలో దిగుతుంది. తేటనీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా సామాను వదిలేసి గట్టెక్కండి. భైరవకోన దారిలోనే ఘటిక సిద్ధేశ్వరం గుడి ఉంది, టైం మిగిలితే అది చూసుకోవచ్చు.

వెలిగొండ_వాసి:
ఫోన్ గురించి ఒకటి మరిచా. మ్యాప్ ఆ ప్రాంతం వరకు ఇంటిదగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని, కొండ ఎక్కేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ పనిచేస్తుంది. సిగ్నల్ కోసం వెతుక్కుంటానే బ్యాటరీ మధ్యాహ్నానికి అయిపోయేది. నలుగురిలో ఒక ఫోన్ మొత్తం ఆఫ్‌లో ఉంచండి.

నెల్లూరు_నడక:
రెండు రోజులకే ప్లాన్ మార్చుకున్నాం. సోమవారం రేంజ్ ఆఫీసుకు పోయి అడుగుతాం, ఏమన్నారో ఇక్కడే రాస్తా. అబ్బాయికి చీలమండ బూట్లు నెల్లూరులో ఆ సైజుకు దొరుకుతాయా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కలిగిరి_సైకిల్:
స్కూల్ ఎన్‌సీసీ బూట్లు అమ్మే షాపుల్లో చూడండి, చిన్న సైజులు పెడతారు. కొత్తవి నేరుగా కొండకు వేసుకురావద్దు, వారం ముందునుంచి ఇంట్లో, బజార్లో తొడిగించండి. మడమ రాసుకునేచోట ముందే టేపు వెయ్యండి.