అధిశోషణానికి ‘పట్టడం’ అంటే సరిపోదా?

అధిశోషణం (adsorption), అవశోషణం (absorption) పక్కపక్కన కనిపిస్తే కొత్తగా చదివేవాళ్లు తికమకపడుతున్నారు. రెండింటిలోనూ ఉన్నది శోషణమే, అంటే పీల్చుకోవడం. కానీ అధిశోషణంలో పీల్చడమేమీ లేదు. అణువులు వచ్చి ఘనపదార్థం పైన పొరగా నిలుస్తాయి, లోపలికి పోవు. 1881లో జర్మన్ శాస్త్రవేత్త కైజర్ ఈ తేడా కోసమే adsorption అన్న వేరే మాట తెచ్చాడు.

తేడా మన క్రియల్లో ఎప్పటినుంచో ఉంది. నీరు నేలలోకి ఇంకుతుంది. అద్దానికి ఆవిరి పడుతుంది. దుమ్ము, మసి, చెమ్మ అన్నీ పట్టేవే. తడి విషయానికొస్తే ‘అంటడం’ ఉంది: గాజుకు నీరు అంటుతుంది, పాదరసం అంటదు. ఎంత అంటిందో చెప్పేదే స్పర్శకోణం, అంటే బొట్టు అంచు కింది తలంతో చేసే కోణం; అది తగ్గేకొద్దీ ఎక్కువ అంటినట్టు. శుభ్రమైన గాజు మీద నీటికది సున్నాకు దగ్గర, పాదరసానికి సుమారు 140 డిగ్రీలు. తామరాకు మీద నీటిబొట్టుకైతే 150 దాటుతుంది.

> బాగుందండీ. మరి నానోమీటర్ల రంధ్రాల్లో? అక్కడ ఆవిరి ఏకంగా ద్రవమై నిండిపోతుంది కదా, దాన్నీ పట్టడమే అంటారా?

మంచి ప్రశ్న. నీరు బాగా అంటుకునే గోడలైతే మొదట పొర పడుతుంది, అది మందమవుతుంది, ఎదురెదురు పొరలు కలిసి రంధ్రం నిండుతుంది. గాలి ఇంకా సంతృప్తం కాకముందే ఇది జరుగుతుంది. రంధ్రం ఎంత సన్నమైతే అంత తక్కువ తేమకే ఆవిరి ద్రవమవుతుందని చెప్పే కెల్విన్ సమీకరణం ప్రకారం మామూలు ఉష్ణోగ్రతలో 10 నానోమీటర్ల వ్యాసార్ధానికి 90 శాతం తేమ చాలు, 2 నానోమీటర్లకు దాదాపు 60 శాతమే. కాబట్టి ‘పట్టి నిండడం’ అంటాను. వ్యాసం 2 నానోమీటర్లకన్నా తక్కువైతే గోడల ఆకర్షణలు ఒకదానిమీదొకటి పడతాయి, పొర అన్న మాటకే అర్థముండదు. అక్కడ ఉత్త ‘నిండడం’.

నాకు బాగా నచ్చింది తిరుగు దారి. నిండిన ద్రవం చాలాసార్లు అదే ఆవిరి పీడనం దగ్గర, అంటే అదే తేమ దగ్గర, ఖాళీ కాదు, అది ఇంకా తగ్గాలి. దానికి ‘వదలడం’ సిద్ధంగా ఉంది: 60 శాతం దగ్గర పట్టింది, అంతకన్నా తక్కువలో వదిలింది. చదవగానే అర్థమవుతుంది.

> అధిశోషకం (పైన పట్టనిచ్చే ఘనపదార్థం), అధిశోషితం (దానికి పట్టే పదార్థం) సంగతి?

అక్కడ ‘పట్టు’ నుంచి చక్కని నామవాచకాలు రావడం లేదు. ఆ రెండూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్టే ఉంచుదాం. వివరించే వాక్యాల్లో మాత్రం పట్టడం, అంటడం, నిండడం, వదలడం వాడదామని నా మనవి.