ఫ్లైట్ లేటని జనం అరిస్తే రిపేరు చేసేవాళ్లు తప్పు చేయరా?

రేణిగుంట కుర్రోడు: నిన్న మన ఎయిర్‌పోర్టులో హైదరాబాద్ ఫ్లైట్ లేటు, టెక్నికల్ సమస్యంట. దర్శనం అయిపోయి ఇంటికెళ్లే తొందరలో జనం ఒకటే గొడవ. ఈ టెన్షన్‌లో మెకానిక్‌లు ఏదైనా మర్చిపోతే?

చిత్తూరు మామ: జరిగింది సామీ. 1990 జూన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 ఫ్లైట్. రాత్రి షిఫ్టులో మనుషులు తక్కువని రిపేరు షిఫ్టు మేనేజరే కాక్‌పిట్ అద్దం మార్చాడు, ఏ బోల్టు వాడాలో చెప్పే కేటలాగ్ తీయకుండా పాత బోల్టు చేతిలో పట్టుకుని కంటిచూపుతోనే కొత్తవి ఏరుకొచ్చాడు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికన్నా సన్నవి, మిగతా 6 పొట్టివి. 17 వేల అడుగులు దాటాక అద్దం ఎగిరిపోయి కెప్టెన్ నడుము దాకా బయటికెళ్లిపోయాడు, సిబ్బంది కాళ్లు గట్టిగా పట్టుకున్నారు. బతికాడులే.

రేణిగుంట కుర్రోడు: అమ్మో! ఇంకొకరు చెక్ చేయలేదా?

హ్యాంగర్ అన్న: అక్కడే గండి. ఆ అద్దం పనికి రెండో మనిషి చెకింగ్ తప్పనిసరి కాదు అప్పట్లో. చేసినాయనే సంతకం పెట్టేశాడు. అనుభవం లేనోడేం కాదు, అలవాటైన పనే, అందుకే ఇంకా ప్రమాదం. సరే గానీ, విమానం ఎగరొచ్చని సంతకం పెట్టి వదిలేది లైసెన్స్ ఉన్న ఇంజినీరు, కౌంటర్లో అమ్మాయి మీద అరిస్తే ఏమొస్తుంది?