2 హెచ్‌పీ కంప్రెసర్‌కి ఏ స్ప్రే గన్ సరిపోద్ది?

గోపాలపట్నం వెల్డర్:
నమస్తే అన్నలూ. గోపాలపట్నంలో నాది చిన్న వెల్డింగ్ షాపు, గేట్లు గ్రిల్స్ చేస్తాను. ఇన్నాళ్లూ బ్రష్‌తోనే ఎనామిల్ వేసేవాళ్లం, ఇప్పుడు కస్టమర్లు కారు ఫినిషింగ్ లాగ కావాలంటన్నారు. నా దగ్గర 2 హెచ్‌పీ డైరెక్ట్ డ్రైవ్ కంప్రెసర్ ఉంది, 50 లీటర్ల ట్యాంకు, 8 బార్ దగ్గర కట్ అవుద్ది. దానికి 1.4 మిల్లీమీటర్ల నాజిల్ హెచ్‌వీఎల్‌పీ గన్, అంటే హై వాల్యూమ్ లో ప్రెషర్ (గాలి ఎక్కువ, ప్రెషర్ తక్కువ) రకం తీసుకున్నాను. గేటు రెక్క ఒకవైపు సగం వరకు బ్రహ్మాండంగా పడతంది, ఆ తర్వాత గాలి చచ్చిపోయి పెయింటు ఉమ్మినట్టు పడతంది, ఆరాక ఆరెంజ్ పీల్, నారింజ తొక్క లాగ గరుకు. రెగ్యులేటర్ పెంచితే ఇంకా తొందరగా ఖాళీ అయిపోతంది. గన్ మార్చాలా కంప్రెసర్ మార్చాలా? ఎవరైనా పని తెలిసినోళ్లు చెప్పండి బాబూ.

ఆటోనగర్ పెయింటర్:
తమ్ముడూ, 3 హెచ్‌పీ బెల్ట్ టైపు, 150 లీటర్ల ట్యాంకుది తీసుకో, ఈ తలనొప్పి ఉండదు. గాజువాక వైపు సెకండ్ హ్యాండ్‌వి కూడా చూడొచ్చు, కానీ ట్యాంకు అడుగున తుప్పు చూడకుండా డబ్బులివ్వకు, మన సముద్రపు గాలికి లోపల్నుంచే తినేస్తాది.

కంచరపాలెం మెకానిక్:
కొనే ముందు ఒక్క నిమిషం ఆగు తమ్ముడూ. అందరూ ప్రెషరే చూస్తారు, గన్‌కి కావాల్సింది సీఎఫ్ఎం, అంటే నిమిషానికి ఎంత గాలి అని. హెచ్‌వీఎల్‌పీలో ప్రెషర్ తక్కువ అన్నారు గానీ గాలి తక్కువ అనలేదు కదా. గన్ మూతి క్యాప్ దగ్గర ప్రెషర్ 10 పీఎస్‌ఐ దాటకూడదు, ఆ ప్రెషర్‌తోనే పెయింటు పొడి అవ్వాలంటే గాలి బోలెడు కావాలి, మామూలుగా 8 నుంచి 14 సీఎఫ్ఎం దాకా తాగుతాయి. కంప్రెసర్ మీద రాసిన సీఎఫ్ఎం చాలాసార్లు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంటే, అంటే పిస్టన్ కదలిక లెక్కే, బయటికొచ్చేది దానికన్నా బాగా తక్కువ.

నీదెంత ఇస్తందో నువ్వే కొలుచుకో. గాలి ఎక్కడా వదలకుండా ట్యాంకు 4 బార్ నుంచి 6 బార్ ఎక్కడానికి ఎన్ని సెకన్లు పడతందో ఫోన్‌లో చూడు. 50 లీటర్లు, 2 బార్ తేడా, అంటే 100 లీటర్ల గాలి. దాన్ని సెకన్లతో భాగించి 60తో గుణిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తాది, 28.3 లీటర్లు ఒక సీఎఫ్ఎం. ట్యాంకు పెద్దది చేసినా లాభం లేదు, అది మేడ మీద వాటర్ ట్యాంకు లాంటిది, మోటారు ఎక్కించేదానికన్నా కుళాయి ఎక్కువ లాగేస్తే ఎప్పటికో అప్పటికి ఖాళీయే.

మర్రిపాలెం నుంచి:
గాలి సంగతి అన్న చెప్పారు, నేను నీళ్ల సంగతి చెప్తాను. వైజాగ్ ఉక్కకి ట్యాంకులో నీళ్లు ఊరకే చేరిపోతాయి, రోజూ సాయంత్రం డ్రెయిన్ తిప్పాలి. గాలిలో నీళ్లు పట్టే మాయిశ్చర్ ట్రాప్ కంప్రెసర్ మూతి దగ్గర పెడితే వేడి గాలి ఆవిరిగానే దాటిపోయి పైపులో చల్లారి నీళ్లవుతాది, అందుకే కొంచెం దూరం పైపు లాగాక పెట్టండి. పైపు కూడా సన్నది వద్దు, లోపల 10 మిల్లీమీటర్లు ఉండాలి. గేజ్ చూసేది ట్రిగ్గర్ నొక్కి ఉంచినప్పుడే.

గోపాలపట్నం వెల్డర్:
కొలిచాను అన్నా. 48 సెకన్లు పట్టింది. అంటే 125 లీటర్లు, 4.4 సీఎఫ్ఎం! స్టిక్కర్ మీద 8 ఉంది. గన్ డబ్బా మీద 10 అడుగుతంది. పెద్దది కొందామంటే షాపుది సింగిల్ ఫేజ్, మంజూరైన లోడు కూడా తక్కువే.

కంచరపాలెం మెకానిక్:
అయితే కంప్రెసర్ జోలికి పోకు, గన్ మార్చు. ఎల్‌వీఎల్‌పీ రకం చూడు, అంటే గాలీ ప్రెషరూ రెండూ తక్కువ సరిపోయేది, 1.3 నాజిల్‌ది, 4 సీఎఫ్ఎం అటూఇటూ రాసి ఉన్నది. ఆ అంకె ఎంత ప్రెషర్ దగ్గర రాశారో కూడా చూసుకో. హెచ్‌వీఎల్‌పీ అంత స్పీడు రాదు, ఫ్యాన్, అంటే పెయింటు పడే వెడల్పు కూడా కొంచెం చిన్నగా ఉంటాది, కానీ గేటు రెక్క మొదటి నుంచి చివరి దాకా ఒకేలా పడతాది, నీకు కావాల్సింది అదే. చిక్కటి ప్రైమర్ మాత్రం ఇందులో పోయకు, దానికి 1.7 పైన నాజిల్ కావాలి, ప్రైమర్ బ్రష్‌తోనే కొట్టేయ్. గ్రైండింగ్ చేసిన రోజే ప్రైమర్ పడిపోవాలి, ఇక్కడ ముడి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడిపోద్ది.

ఆటోనగర్ పెయింటర్:
లెక్క చూశాక నేనూ అదే అంటాను, గన్నే మార్చు. ఇంకోటి, కారు ఫినిషింగ్ అని పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ కొడతావేమో, అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే కెమికల్ ఉంటాది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, ఒకసారి ఒంటికి సరిపడకుండా పోతే తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వచ్చేస్తాది. గుడ్డ కట్టుకుని కొట్టొద్దు తమ్ముడూ, బయటి నుంచి శుభ్రమైన గాలి ఇచ్చే మాస్కు లేనంతవరకు ఎనామిల్‌తోనే చెయ్, దానికి కూడా పెయింటు ఆవిరి ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకో. కుర్రాడెవరైనా పక్కన ఉంటే వాడికీ ఒకటి కొను.