సమస్యాపూరణం: అతిథి యాకలితో లేచె నాదరమున

నిర్వహణ, తిరుపతి

ఈ వారం సమస్య (ఇచ్చిన చివరి పాదం ఇది; ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూర్తి చేయడమే పూరణ):

*అతిథి యాకలితో లేచె నాదరమున*

తేటగీతి అనే పద్యంలో నాలుగో పాదం. లఘువు (పొట్టి అక్షరం), గురువు (పొడవు అక్షరం)ల గుంపు గణం; వాటి పేర్లు బ్రాకెట్లలో. అతిథి (న), యాకలి (భ), తో లేచె (త), నాద (గలం), రమున (న). ప్రతి పాదానికీ వరస ఇదే: ఒక సూర్యగణం (న లేదా గలం, అంటే గురువు తర్వాత లఘువు), రెండు ఇంద్రగణాలు (భ, త వంటివి), రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొందిక, ఇక్కడ అ–ఆలకు: ‘లేచెను + ఆదరమున’ సంధిలో నకారం వచ్చినా లోపలి అచ్చుకే యతి. మూడో పాదం చివర ద్రుతం (మాట చివరి నకారం) పడితే ‘నతిథి’ అనో, అచ్చు పడితే ‘యతిథి’ అనో రాసుకోవచ్చు, యతి చెడదు.

విషయం భోజన మర్యాద. ఆకలితో ఎందుకు లేచాడో చెప్పడం తేలిక. ‘ఆదరమున’ ఎవరి ఆదరం, ఎవరి మీద ఆదరం? మొదటి మూడు పాదాల్లో దానికి జవాబు దొరకకపోతే ఆ మాట గణం కోసం నిలబడినట్టే. నేను ముందు చూసేది అదే.

చంద్రగిరి సభ్యురాలు

చాలు చాలన్న మాటను సత్యమనుచు
గరిటె వెనుకకు దీసిన కాంత యెదుట
మారు వడ్డింపు మనుటకు మనసు రాక
యతిథి యాకలితో లేచె నాదరమున.

నిర్వహణ

అమ్మా, పూరణ నిండుగా ఉంది. ‘చాలు’ అన్నది అతిథే, దాన్ని నమ్మింది ఆమె. ఇప్పుడు మళ్లీ పెట్టమంటే ఆమె వడ్డన చాల్లేదని చెప్పినట్టవుతుంది. ఆ గౌరవమే ఆదరం. చా–స యతి సరైనదే: చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది. ‘వెనుకకు’ తర్వాత ‘దీసిన’ అని సరళం (‘త’ బదులు ‘ద’) రాయడం కూడా గమనించదగ్గది.

పుంగనూరు సభ్యుడు

అక్కా, మన పక్క ‘గంటె’ అనే కదా అంటాం. ‘గంటె వెనుకకు దీసిన కాంత యెదుట’ అంటే గలం సరిపోతుంది, యతి కూడా చెడదు. మన ఊరి వంటిల్లు కనిపిస్తుంది.

విషయం మీద ఒక మాట. నోటి ‘చాలు’కు, చేతి ‘చాలు’కు తేడా ఉంది. ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్లు వంచి, గంటెను ఆపితే అది నిజమైన చాలు. చెయ్యి అన్నంలోనే ఉంచి నోటితో మాత్రం అంటే ఇంకొక గంటె పడుతుందని అర్థం. ‘వేయమంటారా?’ అని దూరం నుంచి అడిగితే మొహమాటస్థుడు వద్దనే అంటాడు. గిన్నె తీసుకొచ్చి, పక్కన వంగి, ‘ఈ రవ్వంత’ అని సగం గంటె వేయాల. తినేవాడు చెయ్యి అడ్డం పెట్టకపోతే మిగతా సగం. వడ్డించేవాళ్లకు ఈ చూపు ఉండాల.

చంద్రగిరి సభ్యురాలు

‘గంటె’ తీసుకుంటున్నాను.

పలమనేరు సభ్యుడు

రాగి సంగటి ముద్దను నమిలి నమిలి
మింగు విధమును దెలియక మెతుకు మిగుల
పెద్దవారలు లేవగానె వెంటనంటి
యతిథి యాకలితో లేచె నాదరమున.

నిర్వహణ

తమ్ముడూ, ఊహ మన పక్కది, చాలా బాగుంది. రెండు చోట్ల సరిచేయాల.

మొదటి పాదం: నాలుగో గణం ‘నమిలి’. ‘రా’కు ‘న’ యతి కుదరదు. ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం) చూద్దామన్నా ‘గి’, ‘మి’ కలవవు.

మూడో పాదం: పెద్ద / వారలు / లేవగా, ఇక్కడికి బాగుంది. ఆ తర్వాత ‘నె’ అనే లఘువు ఎక్కువైంది. దాన్ని కలుపుకుంటే ‘నె వెం’ అని లగం (లఘువు తర్వాత గురువు) వస్తుంది, అది సూర్యగణం కాదు. ‘లేవగా’ దగ్గర ఆపితే సరి. తర్వాత ‘వెంట’ వస్తుంది, పె–వె యతి చక్కగా కుదురుతుంది. మాట్లాడే ఊపులో ‘లేవగానే’ అనేస్తాం కాబట్టి ఈ పొరపాటు చాలామంది పద్యాల్లో కనిపిస్తుంది. రాసినాక గణానికొక గీత గీసి చూసుకుంటే పట్టుబడుతుంది.

కుప్పం సభ్యురాలు

పద్యంలో అతిథికి ఏం తెలియలేదో కొంచెం విప్పి చెబుతాను, సంగటి ఎరగని పాఠకులు ఉంటారు.

సంగటిని నమలరాదు. రాగిపిండి పళ్లకూ అంగిలికీ అంటుకుంటుంది, నమిలేకొద్దీ నోట్లో జిగురు పెరిగి ముద్ద దిగదు. నిమ్మకాయలో సగమంత తుంచుకుని, బొటనవేలితో చిన్న గుంట చేసి, పులుసులో ముంచి, నాలుక మీద పెట్టుకుని మింగెయ్యాల. పులుసు తడి ఉంటే జారిపోతుంది. అందుకే ఊరిబిండి (గట్టి పచ్చడి) ఒక్కటే పెట్టి కొత్తవాళ్లకు సంగటి వడ్డించకూడదు. పక్కన పులగూరో, పప్పుచారో, నాటుకోడి పులుసో, ఏదో ఒక జారు ఉండాల.

తప్పు ఒక్కోసారి వండినవాళ్లదే. ఒక గ్లాసు బియ్యం నానేసి, ఐదు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించాల, గంజి కొంచెం మిగలాల. గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో బొక్క పెట్టి, మూతేసి, సన్నమంట మీద పది నిమిషాలు వదిలెయ్యాల. ఆవిరి ఆ బొక్కలోంచి పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. అప్పుడు దించి తెడ్డుతో గట్టిగా గెలకాల. ఆత్రపడి ముందే కలిపితే పైపిండి తడిసి ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి అట్లే ఉంటుంది. దాన్ని మింగడం మనవాళ్ల వల్ల కూడా కాదు.

పలమనేరు సభ్యుడు

సవరించినది:

నమిలి రాగుల సంగటి నాల్క యలసి
మింగు విధమును దెలియక మెతుకు మిగుల
పెద్దవారలు లేవగా వెంటనంటి
యతిథి యాకలితో లేచె నాదరమున.

నిర్వహణ

ఇప్పుడు పద్యం నిలిచింది. ‘నాల్క యలసి’ మొదటి రూపంలో లేదు, సవరణలో పుట్టింది. యతి కోసం వెతుకులాడినందుకు దొరికిన ఫలం అది. ఆదరం పెద్దల మీద. పంక్తిలో పెద్దలు లేచినాక కూర్చుని తినడం బాగుండదన్న పట్టింపు ఇక్కడ పనిచేసింది.

శ్రీకాళహస్తి సభ్యుడు

ఇంట నేకాదశిని నెంచి యెల్లవారు
పాలు పండ్లును మాత్రమే పంచుకొనగ
వండు మన నోరు రాకయె కొండ దిగిన
యతిథి యాకలితో లేచె నాదరమున.

తిరుచానూరు సభ్యురాలు

మూడో పాదంలో వ–కొ యతి ఎట్లా?

నిర్వహణ

అది ప్రాసయతి తల్లీ. వండు–కొండ: రెండింటా మొదటి అక్షరం గురువు, సున్న, తర్వాత డకారం. తేటగీతి, ఆటవెలది, సీసాల్లో ప్రాసయతి చెల్లుతుంది. కందానికీ వృత్తాలకూ చెల్లదు.

ఆదరం వ్రతం మీద. బాగుంది. ఇంటివాళ్ల వైపు నుంచి మాత్రం ఒకటి చెప్పాల: ఏకాదశి నాడు ఎవరైనా గడప తొక్కితే కాళ్లకు నీళ్లిచ్చేటప్పుడే ‘మీకూ ఉపవాసమేనా?’ అని అడిగెయ్యాల. ఇంటిల్లిపాదీ ఉపవాసమున్నా పసివాళ్లకూ రోగులకూ అన్నం వండుతాం కదా. కొండ దిగి అలసి వచ్చినవాడికీ అదే న్యాయం.

తిరుచానూరు సభ్యురాలు

వేకువను పోపు చిటపట వినిన యంత
పుల్లపుల్లని పులిహోర ముక్కు దాక
నిన్న రాతిరి పండిన నిద్ర వీడి
యతిథి యాకలితో లేచె నాదరమున.

నిర్వహణ

‘లేచె’ను విస్తరి దగ్గరనుంచి పడక దగ్గరికి తీసుకుపోయారు! సమస్యలోని విరోధం ఒక్క దెబ్బతో పోయింది. ఆదరం ఇక్కడ ఇష్టం, ఆత్రం. రెండో పాదంలో పు–ము యతి గురించి ఎవరైనా అడుగుతారేమో: పు, ఫు, బు, భులకు ముకారంతో యతి చెల్లుతుంది, ఉకారం ఉన్నప్పుడు మాత్రమే. ‘పల్లె’కూ ‘మల్లె’కూ కుదరదు.

కుప్పం సభ్యురాలు

పోపు చిటపటకు పులిహోర వాసన రావడం నిజమే, చింతపండు గుజ్జు అందులోనే మగ్గుతుంది కాబట్టి. కిలో బియ్యానికి నూటయాభై గ్రాముల చింతపండు. గుజ్జు దగ్గరపడి నూనె అంచుల్లోకి తేలేదాకా ఉడకాల, లేకపోతే మధ్యాహ్నానికి పచ్చిపులుపు కొడుతుంది. అన్నం పళ్లెంలో ఆరబెట్టి, పసుపూ నూనే ముందు పట్టించి, తర్వాత గుజ్జు. ఆవపొడి అన్నిటికంటే చివర, అన్నం చల్లారినాక. వేడి మీద వేస్తే ఆవఘాటు పోయి చేదు మిగులుతుంది. ముక్కుదాకా వచ్చేది ఆ ఘాటే.

పుంగనూరు సభ్యుడు

మొదటి బంతిని గూర్చుండి మొగము వాడు
చంటిపాపతో నిలిచిన జనని జూచి
ఆకు నామెకె విడిచి తా నంతలోన
నతిథి యాకలితో లేచె నాదరమున.

తిరుచానూరు సభ్యురాలు

పెళ్లి బంతి కళ్లముందు ఉంది. కుర్చీల వెనక నిలబడి ‘వీళ్లెప్పుడు లేస్తారా’ అని చూసే ఆ వరస ఉంటుందే, అది తినేవాళ్లకూ ఇబ్బందే, నిలబడినవాళ్లకూ ఇబ్బందే. తిరుమల వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక బంతి అంతా లేచి, బల్లలు తుడిచినాకనే తర్వాతి బంతిని లోపలికి వదులుతారు. మన పెళ్లిళ్లలో కూడా తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి అట్లా చూసుకోవచ్చు.

చంద్రగిరి సభ్యురాలు

తమ్ముడూ, భావం నా మనసుకు బాగా పట్టింది, అందుకే ఒకటి అడుగుతున్నా. అతిథి కూర్చున్నాడన్నావు, తినడం మొదలుపెట్టాడా లేదా చెప్పలేదు. వడ్డించినాక చెయ్యి పెట్టి ఉంటే అది ఎంగిలాకు. దాన్ని ఇంకొకరికి విడిచిపెట్టడం ఆదరం కాదు, ఆ తల్లి కూర్చోదు కూడా. ముట్టలేదని పద్యంలోనే పడాల.

ఇంకొకటి, రెండో పాదం చివర ‘జూచి’, మూడో పాదం మొదట ‘ఆకు’. నాలుగో పాదానికి పాటించిన సంధి అక్కడ వదిలేశావు.

నిర్వహణ

అక్క చెప్పింది అక్షరాలా నిజం. ‘ఆకు’తో పాదం ఎత్తుకోకపోతే రెండూ తీరిపోతాయి. ‘తా నంతలోన’ ఎట్లాగూ పాదం నింపడానికి వచ్చిందే, దాన్ని వదులుకుంటే చోటు దొరుకుతుంది.

పుంగనూరు సభ్యుడు

మొదటి బంతిని గూర్చుండి మొగము వాడు
చంటిపాపతో నిలిచిన జనని జూచి
ముట్టకున్నట్టి యాకును మురిసి యిచ్చి
యతిథి యాకలితో లేచె నాదరమున.

నిర్వహణ

ముట్ట / కున్నట్టి / యాకును / మురిసి / యిచ్చి. గణాలు సరి, ము–ము యతి సరి. ‘మురిసి’ అన్న మాటతో ఆకలి అతనికి బరువు కాలేదని కూడా తెలిసింది. ఈ వారం పూరణల్లో దీన్ని మొదట పెడుతున్నాను.